ఆశుతోష ముఖర్జీ

వంగదేశమున ఉన్నతవిద్యకు పునాదులు వేసిన మహనీయులలో ఆశుతోష ముఖర్జీ అగ్రగణ్యుడు. ఆయన 1864వ సంవత్సరము జూన్ 29వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. బాల్యముననే గణితశాస్త్రమునందు అసమానప్రతిభ చూపెను. 1904లో హైకోర్టు న్యాయమూర్తియయ్యెను. 1906లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరయ్యెను.

1857లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయమునకు చిరకాలము పరీక్షలు జరిపి పట్టములిచ్చుటయే ముఖ్యకార్యముగా నుండెను. బోధించువారొకరు, శాసించువారొకరు. ఈ లోపమును ఆశుతోషుడు గుర్తించెను. ఆయన కృషిఫలితముగా 1917లో ఎం.ఏ., ఎం.ఎస్‌సి. తరగతుల పర్యవేక్షణకై రెండు మండలులేర్పడెను. ఒకటి సాహిత్యాది శాస్త్రములకు, రెండవది విజ్ఞానశాస్త్రములకు. ఆ తరగతులకు బోధించు అధ్యాపకులు అందు సభ్యులు. ప్రతి విషయమునకును వేరొక ఉపసంఘముండెను. ఏమి బోధింపవలెనో, ఎట్లు పరీక్షింపవలెనో ఆ విషయము నెరిగినవారే చర్చించి నిర్ణయించుచుండిరి.

ఆచార్యుల నెన్నుటలో ఆయన ప్రాంతభేదము పాటింపలేదు. ప్రభుత్వోద్యోగములోనున్న చంద్రశేఖర వేంకటరామన్ 1917లో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. తెలుగువాడగు సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో తత్త్వశాస్త్రపీఠము నలంకరించెను.

1922లో విశ్వవిద్యాలయము ధనాభావముచే క్లేశపడుచుండెను. ప్రభుత్వము సహాయము చేయుదుమనెను గాని కఠినమైన నిబంధనలు విధించెను. ధనమా, స్వాతంత్ర్యమా? ఆశుతోషుని హితవు విని సెనేటు ఆ నిబంధనలను త్రోసిపుచ్చెను. మరుసటియేడు గవర్నరు ఆయనకు షరతులతో పదవి నొసగబూనగా, ఆయన నిరాకరించెను. 1924 మే 25వ తేదీన పాట్నాలో దివంగతుడయ్యెను.

బాలలారా! పదవి పోయినను ఆయన నాటిన విద్యావృక్షము నిలిచినది. ఆత్మగౌరవమును విడువనివాడే నిజమైన విద్యావంతుడు.