రాళ్ళను చదివిన ఫుట్ దొర

రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1834లో ఇంగ్లండునందు జన్మించి, 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరినారు. 1863లో మద్రాసు చెంత పల్లవరంలో ఆదిమానవుని రాతి పనిముట్టును కనుగొని ప్రఖ్యాతులైనారు. బళ్ళారి, సండూరు కొండల ఇనుప రాతిపొరలను పాత నైసు శిలలనుండి వేరుపరచి, ధార్వాడ శిలలని నామకరణం చేసినదియు వారే. అనంతపురం జిల్లా ఓబుళాపురం ఖనిజమును ఆ శిలలదే.

ఆ పొరల పుట్టుకను తరువాతి శాస్త్రజ్ఞులు వివరించినారు. 250 కోట్ల ఏండ్లకు పూర్వం సముద్రజలంలో కరిగియున్న ఇనుము ప్రాణవాయువు సోకి, సిలికాతో కలిసి పొరలుగా అడుగున పేరుకొన్నది. పిమ్మట నీరు సిలికాను కొనిపోగా మేలైన ఖనిజం మిగిలినది.

1895లో బళ్ళారి శిలలపై బృహద్గ్రంథం వెలువరించి, 1912లో ఫుట్ కన్నుమూసినారు. వారు చూపిన కొండలను విచ్చలవిడిగా త్రవ్వగా, 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి గనులను ఆపవలసివచ్చినది. యుగాలు కూర్చిన సొత్తును ఒక్క తరం హరించుట తగునా?