రాజా దీన్ దయాళ్

ఫోటోలు తీయడం మీకు సరదా కావచ్చు. మీరు హైదరాబాదులో ఉండవచ్చు, లేదా బతుకుతెరువు కోసం సూరత్ వెళ్ళి మరమగ్గాల మీద పనిచేస్తూ ఉండవచ్చు. నాలుగు డబ్బులు కూడబెట్టి కెమెరా కొనాలనుకున్నప్పుడు మీకు రెండు సందేహాలు వస్తాయి. ఏ కెమెరా కొనాలి? ఉన్నదాన్ని ఎప్పుడు మార్చాలి? నూరేళ్ళకు పూర్వమే ఈ సమస్యలు ఎదుర్కొన్న ఒక గొప్ప ఫోటోగ్రాఫరు జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉద్యోగం – అభిరుచి

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర ఉన్న సర్ధనా పట్టణంలో జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివారు. 1866లో ఇందూరులో ప్రభుత్వ పనుల శాఖలో చేరారు. కట్టడాలకు ఖర్చు అంచనా వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. 1874లో, అంటే ముప్పయ్యవ ఏట, ఆయన సరదాగా ఫోటోగ్రఫీ మొదలుపెట్టారు. ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కర్ ఆయనను ప్రోత్సహించారు.

ఆనాటి పరికరాలు

ఆ రోజుల్లో ఫోటో తీయడం ఎంత కష్టమో ఊహించండి. ఫిల్ముకు బదులు గాజు పలక వాడేవారు. పలక మీద కొలోడియన్ అనే జిగురు మందు పూసి, చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచేవారు. అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. ఆరిపోకముందే కడగాలి. ఆలస్యమైతే పలక పాడైనట్లే. అందుకే బయటికి వెళ్తే కెమెరా, ముక్కాలి స్టాండు, గాజు పలకలు, మందు సీసాలతోపాటు చీకటి గుడారం కూడా మోసుకుపోవాలి.

ఇంకొక ఇబ్బంది ఉంది. మామూలుగా నెగెటివును నేరుగా కాగితానికి ఆనించి అచ్చు తీసేవారు. నెగెటివు ఎంత ఉంటే ఫోటో అంతే. కాబట్టి పెద్ద ఫోటో కావాలంటే పెద్ద పలక, పెద్ద పలకకు పెద్ద కెమెరా కావాలి.

1880 ప్రాంతంలో జెలటిన్ పూసిన పొడి పలకలు బజారులోకి వచ్చాయి. వీటిని ముందే తయారుచేసి దాచుకోవచ్చు. తరువాత తీరికగా కడుక్కోవచ్చు. పైగా వెలుగును త్వరగా గ్రహిస్తాయి. దీన్ దయాళ్ వీటికి మారారు. దానితో దూర ప్రయాణాలు తేలికయ్యాయి, కదిలే దృశ్యాలు అందాయి. ఆయన సైనిక విన్యాసాలను కూడా ఫోటోలు తీశారు.

1888లో అమెరికాలో కొడాక్ చిన్న కెమెరా వచ్చింది. అందులోని ఒక ఫిల్ము చుట్టతో 100 ఫోటోలు తీయవచ్చు. కాని ఒక్కొక్క ఫోటో రెండున్నర అంగుళాల గుండ్రటి బొమ్మ మాత్రమే. కోటల శిల్పాలు, ఫలక్‌నుమా ప్యాలెస్ గదుల్లోని దీపాల అమరిక స్పష్టంగా కనిపించాలంటే అది చాలదు. దీన్ దయాళ్ పెద్ద గాజు పలకలనే నమ్ముకున్నారు.

సాహస నిర్ణయం

1882-83లో ఆయన సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతంలో పర్యటించి, గ్వాలియర్, ఖజురాహో వంటి చోట్ల పురాతన కట్టడాలను ఫోటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వెలువడ్డాయి. ఇంటికి ఆధారమైన సర్కారు కొలువును వదలడం తేలిక కాదు. ఆయన తొందరపడలేదు. పదేళ్ళు అభిరుచిగా సాధన చేశారు. ముందు దీర్ఘకాలపు సెలవు పెట్టి చూశారు. ఆ తరువాతే ఉద్యోగం వదిలి సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు.

పరదా పాటించే స్త్రీలు మగవారి ముందు కూర్చుని ఫోటో తీయించుకోలేరు. అందుకు దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఇక్కడ కావలసింది కొత్త కెమెరా కాదు, కొత్త ఏర్పాటు. ఆ సంగతి ఆయన గ్రహించారు.

1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. 1905లో కన్నుమూశారు. 1989లో ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు విడుదల చేసింది.

మీరు గ్రహించవలసింది

కొత్తది వచ్చిందని దీన్ దయాళ్ పరికరం మార్చలేదు. పాతది తన పనికి అడ్డం వచ్చినప్పుడు మార్చారు. మీరు కూడా కెమెరా కొనేముందు ఏ ఫోటోలు తీయాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఉన్న కెమెరాతో ఏది కుదరడం లేదో దాని పక్కన రాయండి. రాయడానికి ఏమీ లేకపోతే, మీ డబ్బు దాచుకోవచ్చు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. పొడి పలకల వల్ల కలిగిన లాభాలు ఏవి?
2. దీన్ దయాళ్ చిన్న కెమెరాకు ఎందుకు మారలేదు?
3. ఉద్యోగం వదిలేముందు ఆయన తీసుకున్న జాగ్రత్తలు ఏవి?