కంటికి ఆనని అలను లెక్కలో పట్టిన రాస్‌బీ

మన మురమళ్ళ దగ్గర గౌతమి గట్టున నిలబడితే రోజుకు రెండుసార్లు పోటు వచ్చి పోవడం కనిపిస్తుంది. సముద్రం ఒడ్డుకు వెళితే మనిషెత్తు కెరటాలు కనిపిస్తాయి. ఇవి కాక సముద్రంలో ఇంకో రకం అల ఉంది. దాని ఎత్తు జానెడు కూడా ఉండదు, పొడవు మాత్రం వందల కిలోమీటర్లు. ఓడలో ఉన్నవాడికి తన కింద నుంచి ఆ అల పోతున్నట్టు తెలియనే తెలియదు. దానికి పెట్టిన పేరు ఒక శాస్త్రవేత్తది. ఆయనే కార్ల్ గుస్తాఫ్ రాస్‌బీ. పీజీలో మేము ఆయన పేరు మొదట విన్నప్పుడు అది ఒక సమీకరణం పేరు మాత్రమే. ఆయన జీవితం తెలుసుకున్నాక మన హాస్టలు తమ్ముళ్ళకు చెప్పాలనిపించింది.

రాస్‌బీ 1898 డిసెంబరు 28న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జన్మించారు. అక్కడే విశ్వవిద్యాలయంలో చదివి, 1919లో నార్వేలోని బెర్గెన్ వెళ్ళి విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ అనే పేరుగాంచిన ఆచార్యుని వద్ద చేరారు. గాలి, నీటి కదలికలను లెక్కగట్టి రేపటి వాతావరణాన్ని ముందే చెప్పవచ్చునని ఆ గురువు నమ్మకం. శిష్యుడు జీవితాంతం ఆ బాటలోనే నడిచారు. స్వదేశానికి తిరిగివచ్చి కొంతకాలం ఓడల మీద వాతావరణ శాస్త్రజ్ఞుడిగా పనిచేశారు. 1926లో ఫెలోషిప్ మీద అమెరికా వెళ్ళారు. రెండేళ్ళకే ప్రఖ్యాతిగాంచిన ఎం.ఐ.టి.లో వాతావరణ శాస్త్ర బోధనకు పునాది వేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా నిండలేదు.

ఆయన పేరు నిలబెట్టిన పరిశోధన 1939లో వెలువడింది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కదిలే గాలి, నీరు పక్కకు మళ్ళుతాయి. ఈ ప్రభావం భూమధ్యరేఖ దగ్గర ఉండదు, ధ్రువాల వైపు పోయేకొద్దీ పెరుగుతుంది. అందువల్ల ఉత్తరానికి జరిగిన గాలి తిరిగి దక్షిణానికి, దక్షిణానికి జరిగినది తిరిగి ఉత్తరానికి మళ్ళుతుంది. ఈ ఊగిసలాటే పెద్ద అలగా మారుతుందని రాస్‌బీ సులువైన లెక్కతో చూపారు. ఆయన రాసింది ఆకాశంలోని గాలి గురించి. అయితే అదే లెక్క సముద్రానికీ వర్తిస్తుంది. సముద్రంలో ఆ అల ఎప్పుడూ తూర్పు నుంచి పడమరకే నడుస్తుంది. వేగం రోజుకు కొన్ని కిలోమీటర్లు మాత్రమే.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రాస్‌బీ షికాగో విశ్వవిద్యాలయంలో ఉండి, సైన్యం కోసం వేలాదిమందికి వాతావరణ శాస్త్రం నేర్పే కార్యక్రమానికి ముందు నిలిచారు. 1947లో స్వీడన్ తిరిగివెళ్ళారు. 1954లో ఆయన బృందం కంప్యూటరుతో వాతావరణ సూచనలు తయారుచేయసాగింది. 1957 ఆగస్టు 19న స్టాక్‌హోమ్‌లోనే కన్నుమూశారు. వయసు 58 ఏళ్ళు. సరిగ్గా 46 రోజుల తరువాత, అక్టోబరు 4న, మొట్టమొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఆకాశంలోకి ఎగిరింది.

ఆయన పేరున్న సముద్రపు అలను స్పష్టంగా చూపింది ఉపగ్రహాలే. 1992 ఆగస్టులో అమెరికా, ఫ్రాన్సు కలిసి టోపెక్స్ పోసీడాన్‌ను ప్రయోగించాయి. అది 1336 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగాలను పంపి, అవి నీటిని తాకి తిరిగివచ్చే సమయాన్ని బట్టి సముద్రమట్టాన్ని కొన్ని సెంటీమీటర్ల తేడాతో కొలిచింది. పది రోజులకోసారి అదే దారిలో తిరిగి వచ్చేది. ఆ కొలతల ఆధారంగా 1996లో చెల్టన్, ష్లాక్స్ అనే శాస్త్రవేత్తలు ప్రపంచ సముద్రాలన్నిటిలో రాస్‌బీ అలలు పడమరకు నడుస్తున్నట్టు చూపారు. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చోట్ల అవి పాత లెక్కకన్నా వేగంగా పోతున్నట్టు కూడా తేలింది. ఆ లెక్కను సరిచేసే పని తరువాతివారు చేపట్టారు.

ఆ 1996 మన కోనసీమ మరచిపోలేని సంవత్సరం. నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకు వెయ్యిమందికి పైగా బలయ్యారు, కొబ్బరితోటలు నేలకూలాయి. ఆ తుఫానుకు ఈ అలలే కారణమని మేము అనడం లేదు. కాని తుఫానుకు బలమిచ్చేది సముద్రంలోని వేడి. నీటిమట్టం కొన్ని సెంటీమీటర్లు ఉబ్బిన చోట అడుగున వేడినీటి పొర ఇంకా లోతుకు దిగి ఉంటుంది. బంగాళాఖాతం తూర్పు అంచున బయలుదేరిన రాస్‌బీ అలలు నెలల తరబడి నడిచి మన తీరం వైపు వస్తాయి. అందుకే సముద్రమట్టాన్ని కొలవడం మనకు అక్కరలేని విద్య కాదు. 2013 ఫిబ్రవరి 25న భారత్, ఫ్రాన్సుల సరళ్ ఉపగ్రహం ఇదే పనికోసం మన శ్రీహరికోట నుంచే బయలుదేరింది. సముద్రాన్ని గమనించి మత్స్యకారులకు సమాచారమిచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదులోనే ఉంది.

తమ్ముళ్ళూ, రాస్‌బీ చేసిన లెక్క సముద్రంలో రుజువు కావడానికి ఆయన పోయాక దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఆయన దానికోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు, చేతనైన పని చేసి, శిష్యులను తయారుచేసి వెళ్ళారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాళ్ళం మేమే. ఆ చదువు ఎక్కడికి చేరుతుందో తెలియకుండానే మా అమ్మానాన్నలు మమ్మల్ని హాస్టల్లో చేర్పించారు. మీ ఇళ్ళలోనూ అంతే కదా. లెక్కలంటే భయపడి మాత్రం వదిలేయకండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాలు చెబుతారు. మన హాస్టలు నుంచి ఒక్కరైనా అక్కడికి వెళ్ళి, మన సముద్రాన్ని కొలిచే పనిలో చేరాలని మా కోరిక.