నాదోపాసకుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు

మన దేవాలయాలలో స్వామివారికి జరిగే షోడశోపచారాలతో పాటు గీతవాద్యాలకు కూడా స్థానముంది. సుప్రభాత వేళ మొదలు పవళింపు సేవ దాకా నాదం లేని ఆరాధన మన సంప్రదాయంలో అరుదు. రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల పల్లెవాసులకు నాదస్వరం తరువాత మిక్కిలి పరిచయమైన వాద్యం ఫిడేలు. శ్రీరామనవమి పందిళ్ళలో, కల్యాణోత్సవాలలో హరిదాసు గారి పక్కన ఒకవైపు మృదంగం, మరొకవైపు ఫిడేలు ఉండడం పెద్దలందరూ ఎరిగినదే. పాశ్చాత్య దేశాల నుండి వచ్చిన ఆ వాద్యం పందొమ్మిదో శతాబ్దిలో కర్ణాటక సంగీతంలో ఇమిడిపోయింది. పండితులు దానికి వాయులీనమని చక్కని పేరు పెట్టుకున్నా, జనం నోట మాత్రం అది ఫిడేలుగానే నిలిచింది. ఆ మాటనే ఇంటిపేరు చేసుకున్నట్లుగా ‘ఫిడేలు నాయుడు గారు’ అని ఆంధ్రదేశమంతా గౌరవంగా పిలుచుకున్న మహనీయుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు.

నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి పర్వదినాన, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఆయన పదవీ విరమణానంతరం ఆ కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు చూపు మందగించడం విధి వైపరీత్యమనే అనాలి. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనబడక చదువు సాగలేదు. చదువు లేని పిల్లవాని భవిష్యత్తు ఏమవుతుందోనని ఇంటిల్లిపాదీ దిగులుపడవలసిన స్థితి. అటువంటి సమయంలో అన్నగారైన వెంకటకృష్ణయ్య గారు తమ్మునికి ఫిడేలు నేర్పసాగారు. ఆయనే ఆదిగురువు. కన్ను చేయలేని పనిని చెవి, చేయి పంచుకున్నాయి. ఫిడేలుకు వీణకున్నట్లు మెట్లు ఉండవు. ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో వేలికి చూపించే గుర్తు ఏదీ లేదు. వాయించేవారు చెవి చెప్పినట్లు వేలిని నడపవలసిందే. ఒక విధంగా చూస్తే ఆ బాలునికి దొరకవలసిన వాద్యమే దొరికింది.

విజయనగరంలో 1919లో పూసపాటి విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాలను నెలకొల్పారు. సంస్థానోద్యోగి కుమారుడైన ఒక అంధ బాలునికి సంగీతం నేర్పించాలన్న సంకల్పమే దానికి మూలమని చెబుతారు. ఒక్క బిడ్డ కోసం తలపెట్టిన దానం తరతరాల విద్యార్థులకు నీడనిచ్చింది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరుదామని నాయుడు గారు వెళ్ళారనీ, వాద్యం విన్న పెద్దలు ఆయనను ఏకంగా ఆచార్యునిగానే నియమించారనీ ప్రతీతి. అప్పటికి ఆయనకు 26వ ఏడు. 1936లో నారాయణదాసు గారి అనంతరం అధ్యక్ష పదవి కూడా ఆయననే వరించింది. హరికథలో పక్కవాద్యంగా ఉండే ఫిడేలు, హరికథా పితామహుని పీఠాన్ని అధిష్ఠించడం ఒక ముచ్చటైన ఘట్టం.

ఆయన అధ్యక్షులుగా ఉన్న కాలంలోనే కృష్ణా మండలం చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు విజయనగరం చేరారు. మధుకరం ఎత్తుకొని కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యరికంలో గాత్రం అభ్యసించారు. డెల్టా పల్లెలలో నేటికీ ప్రతి ఆలయం మైకులో తెల్లవారుజామున వినిపించే ఆ గంధర్వ గళం పదునుదేలినది ఆ కళాశాలలోనే.

ఇక నాయుడు గారి వాద్య విశేషం చెప్పుకోవాలి. ఆనాడు ఫిడేలు వాయించేవారి పని గాయకుణ్ణి అనుసరించడం. గాయకుడు రాగం పాడితే దానికి ఛాయగా వాయించాలి, స్వరకల్పనలో బదులు పలకాలి, సాహిత్యానికి అడ్డు రాకూడదు. అది చిన్న విద్య కాదు. నాయుడు గారు ఎందరో ఉద్దండ గాయకులకు అలా సహకరించి మన్నన పొందారు. అయితే ఫిడేలు ఒంటరిగా సభను మెప్పించగలదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. గాయకుడు లేనప్పుడు కీర్తనలోని మాట శ్రోతకు ఎలా అందుతుంది? 1938లో వెల్లూరులో ఆయన తొలిసారి పూర్తి స్థాయి ఏకవాద్య కచేరి చేశారు. నిడుపైన కమాను లాగుతో, తెగని నాదంతో, గమకాన్ని గొంతు పలికినట్లే పలికిస్తూ ఆ ప్రశ్నకు ఆయన సమాధానమిచ్చారు. పాశ్చాత్యుల కమాను పద్ధతిలోని మేలిని గ్రహించడానికి ఆయన సంకోచించలేదు. అయినా రాగస్వరూపం చెక్కుచెదరలేదు. తదుపరి తరాల వాయులీన విద్వాంసులు ప్రధాన కళాకారులుగా వేదికనెక్కడానికి బాట వేసిన వారిలో ఆయన అగ్రగణ్యులు.

గౌరవాలు వాటంతట అవే వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1952లో భారతదేశానికి వచ్చిన విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్, మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ గారి ఇంట నాయుడు గారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు. ఫిడేలు పుట్టిన సీమ నుండి వచ్చినవాడు మన రాగాలను మన నాయుడు గారి కమాను మీద వినడం ఆ తరం తెలుగువారికి పండుగ వంటి వార్త. తాను అనుభవించిన చీకటి మరువని నాయుడు గారు, అంధుల సంక్షేమ సంస్థల సహాయార్థం కచేరీలు చేశారు.

కుమార్తె ద్వారం మంగతాయారు గారు, కుమారుడు ద్వారం భావనారాయణరావు గారు ఆ విద్యను కొనసాగించారు. విజయనగరం కళాశాలలో భావనారాయణరావు గారి వద్ద నేర్చుకున్నవారిలో గాయని పి. సుశీల గారు ఒకరు.

నాయుడు గారు 1964 నవంబరు 25న హైదరాబాదులో నాదబ్రహ్మలో ఐక్యమయ్యారు. వారి శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలా శాఖ వారి చిత్రంతో స్మారక బిళ్ళను విడుదల చేసింది.