బిల్లీ హాలిడే

బిల్లీ హాలిడే కంఠము విశాలమైనది కాదు. ఒక స్థాయికి ఏ కొంచెమో మించి అది పోయెడిది కాదు. సభాభవనము దద్దరిల్లునట్లు గొంతెత్తి పాడుట ఆమె పద్ధతి కాదు. అయినను జాజ్ గాయకులను లెక్కింపబూనినవారు ఆమె పేరు విడిచి ముందునకు సాగలేరు.

1915 ఏప్రిల్ 7వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నల్లజాతి పేదకుటుంబమున ఈమె జన్మించెను. తల్లి పెట్టిన పేరు ఎలియనోరా. తండ్రి క్లారెన్స్ హాలిడే గిటారు వాద్యకారుడు; తల్లీబిడ్డలను పట్టించుకొన్నవాడు కాడు. తల్లి సేడీ పొట్టకూటికై పనులు వెదకికొనుచు బిడ్డను బాల్టిమోరులో ఇతరుల పంచను విడిచిపోవుచుండెను. ఆ బాల్యమును గూర్చి విస్తరించి చెప్పుట కష్టము. అందు వెలుగన్నది ఏదైన నున్నచో అది గ్రామఫోను పెట్టె. బెస్సీ స్మిత్ పాటలను, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ వాద్యమును ఆ బాలిక దానిపై వినెను. తరువాతి కాలమున ఆమె పాటలో వాద్యపు పోకడ కనబడుటకు మూలమిదియే.

తల్లీబిడ్డలు న్యూయార్కులోని హార్లెమ్ చేరిన పిమ్మట, సినిమా తార బిల్లీ డవ్ పేరులోని మొదటి భాగమును తండ్రి యింటిపేరుతో జోడించి, ఆమె క్లబ్బులలో పాడ నారంభించెను. 1933లో జాన్ హామండ్ అను సంగీతాభిమాని ఆ పాట విని ముగ్ధుడయ్యెను. ఆ నవంబరులోనే బెన్నీ గుడ్‌మన్ బృందముతో తొలి రికార్డుకు పాడెను. అప్పటికి ఆమె వయస్సు పదునెనిమిది.

1935 మొదలు పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సన్ బృందముతో ఆమె ఇచ్చిన రికార్డులలో పెక్కు పాటలు సామాన్యములు. నాలుగు నెలలలో జనులు మరచిపోదగినవి. వాటికి ఆమె ప్రాణము పోసినది కాలము నడపుటలో. వాద్యములు లయ తప్పక సాగుచుండగా ఆమె మాట ఒక్క క్షణము వెనుకబడి వచ్చును; వెనుకబడినదనుకొను లోపల తిరిగి కలిసికొనును. తాళము మొదలైన పిదప పాట నెత్తుకొను అనాగత గ్రహము మన సంగీతమున కలదు. అయితే అది నిర్ణీతమైన స్థానము; ఈమె ఆలస్యమునకు నిర్ణయము లేదు, మాటలోని భావమే దానికి కొలత. 1937లో శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ తోడైనాడు. ఆయన వాద్యమును ఈమె గాత్రమును ఒకరి వాక్యమును మరియొకరు పూర్తిచేయునట్లు సాగును. ఆయన ఈమెను లేడీ డే అని పిలిచెను; ఈమె ఆయనను అధ్యక్షుడను అర్థమున ప్రెజ్ అని పిలిచెను.

1938లో ఆమె ఆర్టీ షా బృందమున చేరెను. తెల్లవారి వాద్యబృందమున నల్లజాతి గాయని పాడుట నాడు బహు అరుదు. న్యూయార్కులోని లింకన్ హోటలులో వేదికపై పాడుటకు పనికివచ్చిన ఈమె, అతిథుల లిఫ్టు ఎక్కుటకు మాత్రము పనికిరాకపోయెను. సామానులు చేరవేయు లిఫ్టులో పోవలసివచ్చెను. ఆమె ఆ బృందమును విడిచెను.

1939లో కెఫే సొసైటీ అను క్లబ్బులో ఆమె స్ట్రేంజ్ ఫ్రూట్ పాడెను. విచారణ లేక నల్లవారిని చెట్లకు ఉరితీయు మూకల క్రౌర్యముపై ఏబెల్ మీరొపోల్ అను బడిపంతులు వ్రాసిన గీతమది. పాట సమయమున పరిచారకులు వడ్డన నిలిపెడివారు. దీపములార్పి ఆమె ముఖముపై ఒక్క వెలుగునే ఉంచెడివారు. కొలంబియా కంపెనీ దానిని రికార్డు చేయుటకు వెనుదీయగా కమొడోర్ అను చిన్న సంస్థ సాహసించెను.

మాదకద్రవ్యముల వ్యసనము ఆమెను వదలలేదు. 1947లో ఒక సంవత్సరము ఒక దినము శిక్ష పడెను. 1948 మార్చిలో విడుదలైన కొద్ది దినములకే కార్నెగీ హాలున పాడగా జనము క్రిక్కిరిసెను. కాని అసలు శిక్ష వేరొకటి. న్యూయార్కులో మద్యము విక్రయించు స్థలములందు పాడుటకు పోలీసుశాఖ యిచ్చు కార్డు ఉండవలెను. ఆమె కార్డు రద్దయ్యెను, తిరిగి రాలేదు. వేలమంది కూర్చుండు మందిరమున పాడవచ్చును, తాను పుట్టించిన కళకు పుట్టినిల్లయిన చిన్న క్లబ్బులో పాడరాదు! ఒక కాగితపుముక్కకు గల శక్తి ఎట్టిదో దస్త్రముల నడుమ బ్రతుకు మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ కార్డుల పద్ధతి 1967లో తొలగినది; ఆమెకు ఉపయోగపడలేదు.

1957 డిసెంబరులో ఒక టెలివిజను కార్యక్రమమున ఆమెయు లెస్టర్ యంగును మరల కలిసిరి. జబ్బుతో చిక్కిన యంగ్ లేచి కొలది స్వరములు వాయింపగా, వినుచున్న ఆమె తల నెమ్మదిగ ఊగుట చిత్రమున చూడవచ్చును. 1959 మార్చిలో ఆయన, జూలై 17న ఈమె కన్నుమూసిరి. ఆసుపత్రి మంచముపై నుండగనే ఆమెను అరెస్టు చేసి గదికి పోలీసు కాపలా పెట్టిరి. వయస్సు 44.

క్రొత్తగా వినగోరువారు 1937 నాటి రికార్డులతో ఆరంభింతురు గాక. 1958లో తంత్రీవాద్యముల పెద్ద బృందముతో పాడిన లేడీ ఇన్ శాటిన్ కొందరికి రుచింపదు. గొంతు అప్పటికి బొంగురుపోయినది. నాకు మాత్రము అది ప్రియమైనది. కాని ఆ గొంతు ఏమి పోగొట్టుకొన్నదో, ఏమి నిలుపుకొన్నదో తెలియుటకు ముందు ఆ పాతపాటలు చెవినిండ వినియుండవలెను.