పేర్లకు అక్షరాలు కుదిర్చిన హంటర్

ఇంగ్లీషుల పుట్ అంటే ఒక తీరు, బట్ అంటే ఇంకో తీరు పలుకుతం. రెండింట్ల నడుమ ఉన్నది అదే 'యూ' అక్షరం. బడిల ఇది జెప్పుకొని నవ్వుకునేటోళ్లం. కానీ అవే అక్షరాలతోని మన పేర్లు రాసుడు షురువైనంక నవ్వులాట పోయి బతుకులాట అయింది. ఈ లొల్లిని నూటయాభై ఏండ్ల కిందనే సక్కజేయాలని సూసినాయన విలియం విల్సన్ హంటర్. 1882ల విద్యా కమిషన్‌కు పెద్దగా ఉన్న హంటరే ఈయన. బహుజనుల పిల్లలకు చదువు కావాలని మహాత్మ ఫూలే విన్నవించుకున్నది ఆ కమిషన్‌కే.

హంటర్ 1840ల స్కాట్లాండ్‌లోని గ్లాస్గోల పుట్టిండు. సంస్కృతం నేర్చిండు. 1862ల సివిల్ సర్వీసు నౌకరి మీద బెంగాల్ వచ్చిండు. బీర్భూం దిక్కు పాత దస్త్రాలు, పల్లె ముచ్చట్లు కూడేసి 1868ల పుస్తకం తెచ్చిండు. అది సూసి వైస్రాయ్ మేయో దేశమంతటి ఊర్ల వివరాలు రాసే పని ఆయనకే అప్పజెప్పిండు.

పనిల దిగంగనే మొదటి అడ్డం ఊర్ల పేర్లే. ఏ అధికారి చెవికి ఎట్ల వినబడితే అట్ల రాసిండు. కడపల మొదటి 'అ'కు బట్‌లోని 'యూ' పెట్టిండ్రు, ఆఖరుకు పలకని 'హెచ్' తగిలిచ్చిండ్రు. సిరాజుద్దౌలా తెల్లోళ్ల నోట్ల సర్ రోజర్ డౌలర్ అయిండు. హంటర్ ఒక పద్ధతి కట్టిండు. 'అ'కు 'ఏ', 'ఇ'కి 'ఐ', 'ఉ'కు 'యూ', ఎక్కడైనా అంతే. దీర్ఘం ఉంటే అక్షరం మీద గీత. 1871ల దీని మీద పుస్తకం వేసిండు. మన ఇల్లందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెట్టింది గూడ ఆ ఏడే. పాత తీరోళ్లు ఎదురుతిరిగిండ్రు గానీ 1872ల హంటర్ మాటే నెగ్గింది. 1881ల తొమ్మిది సంపుటాల గెజిటీర్ అచ్చయింది.

అయితే కలకత్తా, బొంబాయి అసొంటి పెద్ద పేర్లను ముట్టలేదు. కడపకు పాత స్పెల్లింగ్ 2005 దాక పోలేదు. 'త'కు, 'ట'కు ఒక్క 'టీ'నే ఇచ్చిండు. మనోళ్లు 'త' కోసం పక్కన 'హెచ్' పెట్టుకుంటున్నరు. దీర్ఘాల మీది గీతలు ఎన్నడో రాలిపోయినయి. ఇప్పుడు రామగుండాన్ని రమగుండం అని సదివినా ఇంగ్లీషు అక్షరాలు అడ్డం చెప్పవు.

1900ల హంటర్ ఆక్స్‌ఫర్డ్ దగ్గర పానం ఇడిసిండు. ఆయన పద్ధతి ఊర్లకు కొంత దారి సూపింది. మనుషుల పేర్లు మాత్రం రాసెటోని చేతికే మిగిలినయి. మా గోదావరిఖనిల రాజయ్యలు, మల్లయ్యలు గల్లీకొకరు ఉంటరు. ఆ 'అయ్య'ను ఒకరు 'ఐ' పెట్టి ఆఖరుకు 'హెచ్' తోని రాస్తరు, ఇంకొకరు రెండు 'వై'లతోని రాస్తరు. మా బాపు పేరు గూడ రెండు కాయితాల్ల రెండు తీర్లుంటే, ఒక ఆఫీసుల ఇద్దరూ ఒక్కరే అని నిరూపించుమన్నరు. అఫిడవిట్ అన్నరు, గెజిటెడ్ సంతకమన్నరు. బాపు సదువుకోలేదు. ఆ అక్షరాలు ఆయన పెట్టినయి కావు.

హంటర్ సర్కారు అవసరానికే పనిజేసిండు, మన మీద పావురంతోని కాదు. అయినా ఆయనకు తెలిసిన ఒక్క సంగతి ఇయ్యాల్టి ఆఫీసులకు తెల్వాలె: అసలు పేరు నోట్ల ఉన్నది, ఇంగ్లీషు అక్షరాలు దానికి ఏసిన అంగి. ప్రతి కాయితం మీద తెలుగు పేరు ముందు రాయాలె. తెలుగుల పేరు ఒక్కటే ఉండి, తండ్రి పేరు, ఊరు కలిస్తే మనిషి ఒక్కడే అని ఒప్పుకోవాలె. ఒక 'హెచ్' కోసం ముసలోళ్లను ఆఫీసుల సుట్టు తిప్పుడు బందు కావాలె.