తరిగొండ వెంగమాంబ

తరిగొండ వెంగమాంబ (1730 - 1817) 18వ శతాబ్దానికి చెందిన తెలుగు కవయిత్రి, యోగిని, శ్రీవేంకటేశ్వరస్వామి భక్తురాలు. మదనపల్లెకు సమీపంలోని తరిగొండ గ్రామంలో జన్మించి, బాల్యంలోనే వితంతువై, ఆనాటి ఆచారాలకు తలవంచక తిరుమలకు చేరింది. అక్కడ కూడా ఇబ్బందులు ఎదురుకాగా, శేషాచల అడవుల లోపలనున్న తుంబురు తీర్థం వద్ద కొన్నేళ్ళపాటు ఏకాంతంగా యోగసాధన చేసింది. యక్షగానాలు, ద్విపద కావ్యాలు, పద్యకావ్యాలు, శతకము, కీర్తనలు రచించింది. తిరుమల ఆలయంలో రాత్రి ఏకాంతసేవ వేళ జరిగే ముత్యాల హారతి ఈమె పేరుతోనే కొనసాగుతున్నది.

జన్మస్థలం, కాలం

తరిగొండ పూర్వపు వాయల్పాడు తాలూకాలోని గ్రామం. ఇది గుర్రంకొండ కోటకు దగ్గరలో ఉన్నది. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయం ప్రసిద్ధమైనది. పెరుగు చిలుకుతున్న కుండలో స్వామి వెలిశాడని, అందువలన ఆ ఊరికి తరికుండ అనే పేరు వచ్చి, అదే కాలక్రమంలో తరిగొండగా మారిందని స్థలపురాణం. వెంగమాంబ తన రచనలను ఈ నృసింహునికే అంకితమిచ్చింది. తరిగొండ నృసింహుడు, తిరుమల వేంకటేశ్వరుడు ఒక్కరేనన్న భావం ఆమె రచనలన్నిటిలోనూ కనిపిస్తుంది.

ఆమె జీవించిన కాలం ఈ ప్రాంతానికి అల్లకల్లోలమైన కాలం. గుర్రంకొండ సీమ కడప నవాబులు, మరాఠాలు, మైసూరు పాలకుడు హైదర్ అలీ, నిజాముల మధ్య చేతులు మారి, చివరకు 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ వశమైనది. మరుసటి సంవత్సరం, అనగా 1801లో, తిరుమల ఆలయ పర్యవేక్షణ కూడా ఆర్కాటు నవాబు నుండి కంపెనీకి సంక్రమించింది.

బాల్యం, వైధవ్యం

వెంగమాంబ తల్లిదండ్రులు మంగమాంబ, కానాల కృష్ణయ్య. వీరు నందవరీక బ్రాహ్మణులు. వెంగమాంబ జయంతిని నృసింహ జయంతి నాడు, అనగా వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు జరుపుతారు. చిన్నతనం నుండే ఆమెకు దైవచింతన ఎక్కువ. ఇంటిపనులపైన, ఆటపాటలపైన ఆసక్తి లేకుండా ఆలయంలోనే గడిపేదని చెబుతారు. ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు బాల్యంలోనే ఇంజేటి వేంకటాచలపతితో వివాహం జరిగింది. కాపురానికి వెళ్ళకముందే భర్త మరణించాడు.

ఆ కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో భర్త పోయిన స్త్రీకి శిరోముండనం చేయించి, గాజులు, కుంకుమ తొలగించేవారు. వెంగమాంబ దీనికి ఒప్పుకోలేదు. తనకు భర్త వేంకటేశ్వరుడేనని, ఆయన నిత్యుడు కనుక తనకు వైధవ్యం లేదని ఆమె వాదన. తలపై కురులు, నుదుట బొట్టు, చేతికి గాజులతోనే ఆమె జీవితాంతం గడిపింది. ఇది గ్రామపెద్దలకు ఆగ్రహం కలిగించింది. ఆ ప్రాంతానికి విచ్చేసిన పుష్పగిరి పీఠాధిపతికి వారు ఫిర్యాదు చేశారని, ఆయన ఎదుట కూడా ఆమె తన నిర్ణయాన్ని మార్చుకోలేదని ప్రచారంలో ఉన్న కథ. ఈ కథలో వచ్చే మహిమలను పక్కనపెట్టినా, ఒక ఒంటరి బాలవితంతువు మతాధికారానికి ఎదురు నిలిచిందన్న విషయం అప్పటి సమాజాన్ని ఎంతగా కదిలించి ఉంటుందో ఊహించవచ్చు.

మదనపల్లెలో గురూపదేశం

కుమార్తె ఆసక్తిని గమనించిన తండ్రి ఆమెను మదనపల్లెలోని సుబ్రహ్మణ్య దేశికుల వద్దకు తీసుకువెళ్ళాడు. ఆయన వద్ద వెంగమాంబ మంత్రోపదేశం పొంది, యోగవిద్యను అభ్యసించింది. భక్తితో పాటు యోగ, వేదాంత విషయాలు ఆమె కావ్యాలలో విస్తారంగా కనబడటానికి ఈ శిక్షణయే పునాది. కావ్యరచనకు సంబంధించి మాత్రం తాను ఏ గురువు వద్దా ఛందస్సు చదువుకోలేదని, స్వామియే తనచేత పలికిస్తున్నాడని ఆమె తన కావ్యావతారికలో చెప్పుకున్నది.

తరిగొండకు తిరిగివచ్చిన తరువాత ఆమె నరసింహస్వామి ఆలయంలో ఆంజనేయ విగ్రహం వెనుక కూర్చొని గంటల తరబడి ధ్యానం చేసేది. అది చూచిన పూజారి ఆమెను అవమానించి బయటకు ఈడ్చివేశాడని, దానితో ఆమె ఊరు విడిచిందని కథనం.

తిరుమలకు

తరిగొండ నుండి తిరుపతికి నేటి రోడ్డుమార్గంలో దూరం సుమారు 100 కిలోమీటర్లు. ఆపైన కొండ ఎక్కవలసి ఉంటుంది. తిరుమలకు ఘాట్ రోడ్డు 20వ శతాబ్దంలో వచ్చినది. అంతకుముందు యాత్రికులు కాలినడకన గాని, డోలీలలో గాని కొండ ఎక్కేవారు. కొండపైన సామాన్యులు స్థిరనివాసం ఉండటం అరుదు. అటువంటి చోటికి వెంగమాంబ ఒంటరి స్త్రీగా చేరింది. హథీరాంజీ మఠం మహంతు ఆత్మారాందాసు ఆమెకు ఆశ్రయం కల్పించాడని, తాళ్ళపాక అన్నమాచార్యుల వంశీకులు ఆమెను ఆదరించారని సంప్రదాయం చెబుతున్నది.

అయితే తిరుమలలోనూ ఆమెకు ప్రశాంతత దొరకలేదు. పొరుగున ఉన్న ఒక అర్చకునితో కలహం వచ్చింది. జనం రాకపోకలు, నిందలు సాధనకు అడ్డు కావడంతో ఆమె మరింత లోపలికి, తుంబురు కోనకు వెళ్ళిపోయింది.

తుంబురు తీర్థం

శేషాచలంలోని తీర్థాలలో తుంబురు తీర్థం ముఖ్యమైనది. దీనికి ఘోణ తీర్థమని మరొక పేరు. తుంబురుడనే గంధర్వుడు తన మాట వినని భార్యను కప్పవు కమ్మని శపించగా, ఆమె ఇక్కడి జలంలో ఉండి అగస్త్యుని వలన శాపవిమోచనం పొందినదని పురాణకథ.

తిరుమల నుండి పాపవినాశనం వరకు నేడు బస్సులో వెళ్ళవచ్చు. అక్కడి నుండి నడక తప్ప వేరే దారి లేదు. అడవిలో రాళ్ళమీదుగా, వాగులు దాటుతూ, ఎక్కుతూ దిగుతూ వెళ్ళాలి. చివర కొండ నిలువునా రెండుగా చీలినట్లు ఉంటుంది. ఎదురెదురుగా నిలిచిన ఎత్తైన రాతిగోడల మధ్య సన్నని దారిలో నీరు మడుగులు కట్టి ఉంటుంది. ఇవి కడప శ్రేణికి చెందిన క్వార్ట్‌జైట్ శిలలు. ఎండ లోపలికి సరిగా పడనందున నీరు చల్లగా ఉంటుంది. 

వెంగమాంబ ఇటువంటి చోట, మనిషి అలికిడి లేని కొండగుహలో కొన్నేళ్ళు గడిపింది. కోన నుండి ఆలయానికి ఒక రహస్యమార్గం ఉండేదని, దానిగుండా ఆమె ప్రతిరాత్రి స్వామి సేవకు వచ్చేదని భక్తుల విశ్వాసం. కథ మాట ఎలా ఉన్నా, సొంత ఊరిలోను, కొండమీద కూడా తావు దొరకని స్త్రీకి మనుషులు రాని ఆ నీటిఒడ్డున తావు దొరికిందన్నది ఇందులోని సారాంశం.

తిరిగి రాక, ముత్యాల హారతి

కొంతకాలానికి ఆలయ పెద్దలు ఆమె గొప్పతనాన్ని గుర్తించి మళ్ళీ తిరుమలకు రప్పించారు. అప్పటి నుండి ఆమె చివరివరకు అక్కడే నివసించింది. ప్రతిరాత్రి ఏకాంతసేవ సమయంలో ముత్యాలతో స్వామికి హారతి ఇచ్చే గౌరవం ఆమెకు లభించింది. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని ఈ రెంటినీ కలిపి చెప్పుకోవడం పరిపాటి. ఒకప్పుడు ఆలయం నుండి ఈడ్చివేయబడిన స్త్రీ పేరిట, ఆ రోజుకు ఆలయంలో జరిగే చివరి సేవలో హారతి జరగడం గమనించదగినది. నృసింహ జయంతి రోజులలో యాత్రికులకు అన్నదానం, చలివేంద్రం కూడా ఆమె నిర్వహించింది.

రచనలు

తరిగొండలో ఉన్నప్పుడు రచించినవి:
* తరిగొండ నృసింహ శతకము
* నృసింహ విలాస కథ
* శివ నాటకము
* బాలకృష్ణ నాటకము
* రాజయోగామృతసారము (ద్విపద)

తిరుమలకు వచ్చిన తరువాత రచించిన వాటిలో కొన్ని:
* విష్ణు పారిజాతము
* చెంచు నాటకము
* రుక్మిణీ నాటకము
* గోపీ నాటకము
* ముక్తికాంతా విలాసము
* ద్విపద భాగవతము
* వాసిష్ఠ రామాయణము (ద్విపద)
* శ్రీ వేంకటాచల మాహాత్మ్యము
* అష్టాంగయోగ సారము

వీటిలో శ్రీ వేంకటాచల మాహాత్మ్యము మిక్కిలి ప్రసిద్ధి పొందినది. శ్రీనివాస కల్యాణ గాథతో పాటు కొండమీది తీర్థాల కథలు ఇందులో ఉన్నాయి. పండితులకు మాత్రమే కాక పాడుకొనేవారికి, ఆడేవారికి అందేలా ద్విపదను, యక్షగానాన్ని ఎంచుకోవడం ఆమె ప్రత్యేకత.

మరణం, స్మారకాలు

వెంగమాంబ 1817లో, శ్రావణ శుద్ధ నవమి నాడు, తిరుమలలో సమాధి చెందింది. ఆమె బృందావనం ఆలయానికి ఉత్తరదిశలో ఉన్నది. ఏటా జయంతి, వర్ధంతి ఉత్సవాలను తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహిస్తున్నది. ఆమె రచనలను కూడా దేవస్థానం ప్రచురించింది. తిరుమలలో యాత్రికులకు ఉచిత భోజనం అందించే భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. దీనిని 2011 జూలై 7న అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. ఆమె జీవితం ఆధారంగా 2009లో వెంగమాంబ అనే చలనచిత్రం వచ్చింది. ప్రధాన పాత్రను మీనా పోషించింది.

తుంబురు తీర్థ ముక్కోటి ఫాల్గుణ పౌర్ణమికి జరుగుతుంది. ఆ సమయంలో భక్తులను పాపవినాశనం నుండి కాలినడకన తీర్థానికి అనుమతిస్తారు. హృద్రోగులు, ఉబ్బసం ఉన్నవారు, వృద్ధులు వెళ్ళరాదని సూచిస్తారు. ఈ అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగాను, 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగాను ప్రకటించిన ప్రాంతంలో భాగం. సహాయక సిబ్బంది, తోటి యాత్రికుల తోడుతో కూడా కష్టమనిపించే ఈ దారిలో నడిచినప్పుడు, సుమారు రెండున్నర శతాబ్దాల క్రితం ఒంటరిగా ఇక్కడికి వచ్చి నిలిచిన వెంగమాంబ పట్టుదల కొంత అర్థమవుతుంది.